కత్తి పోయింది.. తాడు నిలిచింది!

* సమురాయ్‌ కవచాల నుంచి నేటి చేతి గొలుసుల దాకా జపాన్‌ ‘కుమిహిమో’ ప్రస్థానం
* నిషేధంతో కూలిన వృత్తికి నడుము తాడే ఆసరా
* అట్టముక్క, కొన్ని పోగులు ఉంటే ఇంట్లోనే తొలి పాఠం

బడికి బయలుదేరిన కూతురికి తల్లి జడ వేస్తుంది. కుడిపాయను నడుమకు, ఎడమపాయను నడుమకు మార్చి మార్చి వేస్తూ పోతుంది. ఎన్నిసార్లు వేసిందో ఆమె లెక్కపెట్టదు. ఆ లెక్క చేతికే తెలుసు. ఒక పాయ బిగువుగా, మరొకటి వదులుగా పడితే మాత్రం జడ వంకరపోతుంది. మధ్యాహ్నం గంట కొట్టేలోగా విడిపోతుంది.

మూడు పాయలతో మన ఇళ్లలో నిత్యం సాగే ఈ పనిని ఎనిమిది, పదహారు, అంతకు మించిన పాయలకు విస్తరించి, పట్టుదారంతో శాస్త్రంగా మలచిన ఘనత జపనీయులది. దాని పేరే కుమిహిమో. జపాన్‌ భాషలో ‘కుము’ అంటే అల్లడం, కూర్చడం. ‘హిమో’ అంటే తాడు. రెండూ కలిస్తే ‘అల్లిన తాడు’. పేరు ఇంత సాదాగా ఉన్నా, దాని వెనుక వెయ్యేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఒకసారి కాదు, రెండుసార్లు అంతరించే దశకు చేరి మళ్లీ లేచి నిలబడిన వృత్తి ఇది. నేడు అది నగల తయారీలో, గృహాలంకరణలో ఒక విభాగమై దేశదేశాలకు వ్యాపించింది. చవకైన పరికరంతో ఎవరైనా నేర్చుకోగల స్థితికి వచ్చింది. ఆ కథేమిటో, ఆ పని ఎలా చేస్తారో, నేర్చుకునేవారు ఏ విషయంలో జాగ్రత్త పడాలో వివరించే ప్రయత్నమే ఈ కథనం.

పడుగూ లేదు.. పేకా లేదు

మగ్గం సంగతి మన జిల్లాల పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. పడుగు నిలువుగా సాగుతుంది, పేక అడ్డంగా నడుస్తుంది. రెండూ ఒకదానినొకటి నేరుగా ఖండించుకుంటే వస్త్రం తయారవుతుంది. అల్లికలో ఈ విభజన ఉండదు. ప్రతి పోగూ ఏటవాలుగా సాగుతూ ఒకచోట పైకి, మరొకచోట కిందికి వెళుతుంది. అంటే ఒకే పోగు పడుగు పనీ, పేక పనీ కూడా చేస్తుందన్న మాట.

ఈ ఏటవాలు నడకే కుమిహిమో తాడుకు బలం. లాగితే కొద్దిగా సాగుతుంది, వదిలితే తిరిగి సర్దుకుంటుంది. ముడి వేస్తే జారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఒక పోగు తెగినా మిగిలినవి భారం మోస్తాయి. దారాన్ని ముడులు వేస్తూ పోయే మాక్రమేకు, దీనికి తేడా కూడా ఇక్కడే ఉంది. మాక్రమేలో ముడే ప్రధానం. కుమిహిమోలో మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి తప్ప ముడి ఉండదు. నడుమంతా అల్లికే.

ఆకారాన్ని బట్టి ఈ తాళ్లను ప్రధానంగా మూడు రకాలుగా చెబుతారు. మొలతాడులా గుండ్రంగా ఉండేవి మొదటి రకం. మంచాలకు అల్లే నవారులా బల్లపరుపుగా ఉండేవి రెండోది. నాలుగు పలకలుగా ఉండేవి మూడోది.

బౌద్ధంతో వచ్చిన తాళ్లు

జపాన్‌కు ఆరో శతాబ్దంలో చైనా, కొరియాల మీదుగా బౌద్ధం చేరింది. దాని వెంటే మేలైన పట్టు అల్లికలూ వచ్చాయి. సూత్ర గ్రంథాల చుట్టలను కట్టడానికి, భిక్షువుల వస్త్రాలకు, ఆలయ సామగ్రికి అందమైన తాళ్లు కావలసి వచ్చాయి. నరా నగరంలోని తోదాయిజీ ఆలయానికి చెందిన షోసోయిన్‌ అనే ఖజానా ఇందుకు సాక్ష్యం. షోము చక్రవర్తి మరణానంతరం 756లో ఆయన వస్తువులను మహారాణి కోమ్యో ఆలయానికి సమర్పించారు. అలా మొదలైన ఆ భాండాగారంలో ఎనిమిదో శతాబ్దపు పట్టుతాళ్లు నేటికీ భద్రంగా ఉన్నాయి.

ఇక్కడ మనకు సంబంధించిన చిన్న విశేషం ఒకటుంది. కుమిహిమోలో అత్యంత ప్రసిద్ధమైన గుండ్రని అల్లికను ‘కొంగో గుమి’ అంటారు. ‘కొంగో’ అనేది సంస్కృతంలోని ‘వజ్ర’ శబ్దానికి బౌద్ధ గ్రంథాల ద్వారా ఏర్పడిన అనువాదం. అంటే అది వజ్రపు అల్లిక. సులభంగా విడిపోని, గట్టి అల్లిక కాబట్టి ఆ పేరు దానికి తగినదే.

ఆ ప్రాచీన తాళ్లను నేడు మనం చూసే బల్లల మీద అల్లలేదన్నది పరిశోధకుల అభిప్రాయం. దారాలను ఉచ్చులుగా చేసి చేతులకు తగిలించుకుని, ఒక ఉచ్చులోంచి మరొక దానిని లాగుతూ అల్లేవారు. ఈ పద్ధతిని ‘కుతె ఉచి’ అంటారు. బల్లల వాడకం తర్వాతి కాలంలో, ముఖ్యంగా 17వ శతాబ్దంలో మొదలైన ఎదో యుగంలో విస్తరించింది.

కవచానికి కుట్టు.. కత్తికి కట్టు

యోధులు రాజ్యమేలిన శతాబ్దాలలో కుమిహిమోకు గిరాకీ బాగా పెరిగింది. సమురాయ్‌ కవచం ఒకే ఇనుప రేకు కాదు. చిన్న చిన్న పలకలను వరుసలుగా పేర్చి, పట్టుతాళ్లతో ఒకదానికొకటి కుట్టేవారు. అందువల్లనే యోధుడు చేయి ఎత్తగలిగేవాడు, గుర్రం ఎక్కగలిగేవాడు. ఒక్కొక్క కవచానికి వందల మీటర్ల తాడు పట్టేది. ఏ రంగు తాడు వాడారన్నది కవచానికి ప్రత్యేక శోభనిచ్చేది. కత్తి ఒరను నడుముకు కట్టుకునే తాడు కూడా అల్లికే. నిత్యం ఒరుసుకునే చోట, ప్రాణం ఆధారపడే చోట వాడే తాడు కాబట్టి నాణ్యతలో రాజీ ఉండేది కాదు.

టోక్యోలో ఉఎనో ప్రాంతంలోని ‘దోమ్యో’ దుకాణం 1652లో మొదలైంది. తొలినాళ్లలో వారి వ్యాపారం కత్తుల తాళ్లే. ఆ దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. అయితే అక్కడ అమ్మే తాళ్లు వేరు. ఆ మార్పునకు కారణం తెలుసుకోవాలంటే 1876 నాటి సంఘటన చూడాలి.

ఒక్క ఉత్తర్వుతో కుప్పకూలింది

జపాన్‌లో 1868లో పాలన మారింది. చక్రవర్తి మెయ్‌జీ పేరుతో ఏర్పడిన కొత్త ప్రభుత్వం దేశాన్ని ఆధునికం చేయాలని సంకల్పించింది. ఆ క్రమంలో 1876 మార్చిలో సైనికులు, పోలీసులు మొదలైన కొందరు తప్ప ఎవరూ బహిరంగంగా కత్తి ధరించరాదని ఉత్తర్వు జారీ అయింది. కత్తి లేకపోతే ఒరకు తాడెందుకు? కవచాలకు అప్పటికే కాలం చెల్లింది. తరతరాలుగా తాళ్లే జీవనాధారంగా బతికిన కుటుంబాలు ఒక్కసారిగా వీధిన పడే పరిస్థితి దాపురించింది.

వారిని ఆదుకున్నది స్త్రీల అలంకరణ. జపాన్‌ స్త్రీలు కిమోనో అనే వస్త్రం మీద నడుముకు ‘ఒబి’ అనే వెడల్పాటి పట్టీ చుట్టుకుంటారు. ఆ పట్టీ జారకుండా మీద నుంచి కట్టే సన్నని తాడును ‘ఒబిజిమె’ అంటారు. 19వ శతాబ్దంలో ఒబి కట్టే తీరు మారి ఈ తాడు వాడుకలోకి వచ్చింది. కత్తి తాళ్లు అల్లిన చేతులే ఒబిజిమెలు అల్లడం మొదలుపెట్టాయి. ఒరకు జారకుండా ఉండవలసిన తాడు, నడుముకు జారకుండా నిలిచింది. గుణం అదే, కొనేవారే మారారు.

క్యోటో, టోక్యోలతో పాటు ఇగా అనే ఊరు ఈ దశలోనే పేరు గడించింది. మియె రాష్ట్రంలోని ఈ ఊరు నింజాల పుట్టినిల్లుగా ప్రసిద్ధం. 1902లో హిరోసావా తొకుసబురో అనే వ్యక్తి టోక్యోలో ఈ పని నేర్చుకుని సొంతగడ్డకు తిరిగివచ్చి కార్ఖానా పెట్టారు. అక్కడి నుంచి అల్లిక చుట్టుపక్కల ఇళ్లకు పాకింది. చేత్తో అల్లే కుమిహిమోకు ఇగా నేడు పెద్ద కేంద్రం.

రెండో దెబ్బ రెండో ప్రపంచయుద్ధం తర్వాత తగిలింది. పాశ్చాత్య దుస్తులు వ్యాపించి, కిమోనో పండుగలకు, పెళ్లిళ్లకు పరిమితమైంది. యంత్రాలు అల్లిన చవక తాళ్లు దుకాణాలను నింపాయి. సంప్రదాయ వృత్తులను ఆదుకునేందుకు జపాన్‌ ప్రభుత్వం 1974లో ఒక చట్టం తెచ్చింది. దాని కింద క్యోటో, ఇగా కుమిహిమోలకు 1976లో జాతీయ గుర్తింపు లభించింది. కత్తుల నిషేధానికి సరిగ్గా నూరేళ్లకు ఈ గుర్తింపు రావడం గమనార్హం. గుర్తింపు గౌరవమిచ్చింది గానీ, కొనేవారిని, నేర్చుకునే యువతను అదొక్కటే తేలేదు. పనివారి వయసు పెరగడం, వారసుల కొరత అక్కడి సంప్రదాయ వృత్తులన్నింటికీ ఉన్న సమస్యే.

బరువులోనే ఉంది మర్మం

సంప్రదాయ పనివారు వాడే బల్లలు అనేకం. వాటిలో ముఖ్యమైనది ‘మరుదాయ్‌’, అంటే గుండ్రని బల్ల. నాలుగు కాళ్ల మీద నున్నటి చెక్క పలక, దాని నడుమ రంధ్రం ఉంటాయి. ఈ పలకను ‘కగామి’ అంటారు. ఆ మాటకు అద్దమని అర్థం. ప్రతి పోగునూ ఒక్కొక్క బరువైన చెక్క కండెకు చుట్టి, పలక అంచున చుట్టూ వేలాడదీస్తారు. లోపల సీసం పోసి బరువు పెంచిన ఈ కండెలను ‘తమా’ అంటారు. అల్లిన తాడు నడుమ రంధ్రం గుండా కిందికి దిగుతుంది. దాని కొసకు ఒక సంచిలో ఎదురు బరువు కడతారు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. కండెలు పోగులను బయటికి లాగుతాయి. సంచి తాడును కిందికి లాగుతుంది. ఈ రెండింటి మధ్య పొందికను బట్టి తాడు గుణం మారుతుంది. ఎదురు బరువు సాధారణంగా కండెల మొత్తం బరువులో సగం లేదా అంతకు కొద్దిగా తక్కువ ఉంటుంది. ఉదాహరణకు 100 గ్రాముల కండెలు ఎనిమిది ఉంటే మొత్తం 800 గ్రాములు. అప్పుడు సంచిలో సుమారు 400 గ్రాములు వేస్తారు. సంచి బరువు పెంచితే తాడు వదులుగా, మెత్తగా వస్తుంది. తగ్గిస్తే బిగువుగా, గట్టిగా వస్తుంది.

కాబట్టి పనివారు పోగును చేత్తో బిగించరు. బిగువంతా బరువుదే. చేతులు చేసేది పోగును ఎత్తి, దాటించి, మెల్లగా దించడమే. రెండు చేతులూ ఒకేసారి రెండు పోగులను మారుస్తుంటే చెక్క కండెలు ఒకదానికొకటి తగిలి టకటకమని శబ్దం వస్తుంది. ఆ చప్పుడు ఒకే తాళంలో సాగుతోందంటే పని సవ్యంగా నడుస్తున్నట్లే.

బల్లపరుపు తాళ్లకు ‘తకదాయ్‌’ అనే ఎత్తయిన బల్ల వాడతారు. పనివారు దాని ముందు కూర్చుని, ఇరువైపులా పదుల సంఖ్యలో వేలాడే కండెల పోగులను దాటిస్తూ, కత్తి ఆకారపు వెదురు బద్దతో అల్లికను దగ్గరకు కొడతారు. మన నేతగాడు పలకతో పేకను కొట్టడం లాంటిదే ఇది. క్లిష్టమైన నమూనాలకు ఈ బల్లే ఆధారం. దీనిపై పట్టు సాధించడానికి ఏళ్లు పడుతుంది.

చేతిలోకి వచ్చిన బల్ల

అంత పెద్ద బల్ల, అన్ని కండెలు ఇంట్లో పెట్టుకోవడం అందరికీ సాధ్యం కాదు. ఈ చిక్కుకు పరిష్కారంగా వచ్చిందే నురుగు బిళ్ల. అరచేతి కన్నా కొంచెం పెద్దదైన గట్టి ఫోమ్‌ బిళ్ల, నడుమ రంధ్రం, అంచున 32 గాట్లు. పోగును గాటులో ఇరికిస్తే కండె అక్కరలేదు. దీనిని జపాన్‌కు చెందిన అల్లిక నిపుణురాలు మకికో తదా రూపొందించారు. బల్లపరుపు తాళ్ల కోసం చదరపు పలకను కూడా ఆమె తయారుచేశారు. సంచిలో వేసుకుని ఎక్కడికైనా తీసుకెళ్లగల ఈ చిన్న వస్తువు అమెరికా, ఐరోపా దేశాలలో పూసల నగలు చేసేవారికి బాగా నచ్చింది. 2016లో విడుదలైన ‘యువర్‌ నేమ్‌’ అనే జపాన్‌ యానిమేషన్‌ చిత్రంలో కథానాయిక కుటుంబం కుమిహిమో అల్లుతుంది. ఆ చిత్రం విజయంతో ఈ పేరు ప్రపంచమంతటా యువతకు పరిచయమైంది.

బిళ్ల మీద అల్లినది సంప్రదాయ పనితో సమానమా అంటే, కాదనే చెప్పాలి. బిళ్ల మీద బిగువు గాటు పట్టును, చేతివాటాన్ని బట్టి ఉంటుంది. బరువు ఇచ్చే సమతూకం దానికి రాదు. కానీ పోగుల నడక రెండింటిలోనూ ఒకటే. బిళ్ల మీద కొంగో గుమి నేర్చినవారు మరుదాయ్‌ ముందు కూర్చుంటే పూర్తిగా కొత్తవారు కారు.

కావలసినవి ఇవే..

* గట్టి అట్టముక్క లేదా గట్టి ఫోమ్‌ షీటు. థర్మోకోల్‌ పనికిరాదు, గాట్లు విరిగిపోతాయి
* నూలు లేదా నైలాన్‌ దారం. పట్టు జారుతుంది కాబట్టి చేయి కుదిరాకే మొదలుపెట్టాలి
* కత్తెర, సూది, గట్టి జిగురు
* ఎదురు బరువుగా కట్టడానికి నాలుగైదు ఇనుప నట్లు లేదా తాళంచెవుల గుత్తి
* తాడు ఎంత పొడవు కావాలో దానికి మూడు రెట్ల పొడవున్న పోగులు. 20 సెంటీమీటర్ల చేతి గొలుసుకు ఒక్కో పోగు 60 సెంటీమీటర్లు

తొలి పాఠం: ఏడు పోగులు, ఎనిమిది గాట్లు

పిల్లలకు నేర్పే సులభ పద్ధతి ఇది. అరచేతి వెడల్పున గుండ్రంగా అట్ట కత్తిరించి, నడుమ పెన్సిలు దూరేంత రంధ్రం చేయాలి. అంచున సమాన దూరంలో ఎనిమిది గాట్లు పెట్టాలి. ఏడు పోగులను ఒక కొసన ముడివేసి, ముడిని రంధ్రంలోంచి కిందికి దించాలి. ఏడు గాట్లలో ఏడు పోగులు అమర్చితే ఒక గాటు ఖాళీగా మిగులుతుంది.

ఖాళీ గాటును మన వైపు తిప్పుకోవాలి. దాని కుడివైపు నుంచి మూడో పోగును లెక్కించి, నడుమనున్న రెండింటి మీదుగా తెచ్చి ఖాళీ గాటులో వేయాలి. ఇప్పుడు మూడో పోగు ఉన్నచోటు ఖాళీ అవుతుంది. దానిని మన వైపు తిప్పుకుని మళ్లీ అదే పని. కొద్దిసేపటికి అట్ట కింద గుండ్రని తాడు మొలుస్తుంది. బడిపిల్లలు కూడా పావుగంటలో ఒడుపు పట్టేస్తారు.

రెండో పాఠం: వజ్రపు అల్లిక

దీనికి 32 గాట్ల బిళ్ల కావాలి. కొలిచి గీయడం కష్టమనుకునేవారికి ఒక చిట్కా. అట్టకు సరిపోయేలా పాత దినపత్రికను గుండ్రంగా కత్తిరించి, సగానికి సగంగా అయిదుసార్లు మడవాలి. విప్పితే 32 సమభాగాలు కనిపిస్తాయి. ఆ మడత గీతలు అంచును తాకిన ప్రతిచోటా గాటు పెట్టి, గడియారం తిరిగే దిశలో 1 నుంచి 32 వరకు అంకెలు వేయాలి.

ఎనిమిది పోగులను ముడివేసి రంధ్రంలో దించి, రెండేసి చొప్పున నాలుగు జంటలుగా అమర్చాలి. పైన 32, 1. కుడివైపు 8, 9. కింద 16, 17. ఎడమవైపు 24, 25. ఇక అల్లిక రెండే కదలికలు:

1. పై జంటలో కుడి పోగును కిందికి తెచ్చి, కింది జంటకు కుడిపక్కన వేయాలి. అంటే 1లోని పోగు 15లోకి వస్తుంది.

2. కింది జంటలో ఎడమ పోగును పైకి తీసుకెళ్లి, పై జంటకు ఎడమపక్కన వేయాలి. అంటే 17లోని పోగు 31లోకి వెళుతుంది.

తర్వాత బిళ్లను పావు వంతు తిప్పి తర్వాతి జంటను పైకి తెచ్చుకుని మళ్లీ అవే రెండు కదలికలు. తిప్పే దిశ మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే ఉండాలి. అల్లే కొద్దీ జంటలు తమ స్థానాల నుంచి మెల్లగా జరుగుతూ పోతాయి. అంకెలు కలవడం లేదని కంగారుపడవద్దు. అంకెలు మొదటి అమరిక వరకే. ఆ తర్వాత పైన, కింద, కుడి, ఎడమ అన్న లెక్క చాలు.

ఈ విలేకరి ఇంట్లో అట్టబిళ్ల చేసి ప్రయత్నించగా మొదటి తాడు సగంలోనే చెడింది. ఫోను మోగితే బిళ్ల పక్కన పెట్టి, తిరిగి వచ్చాక ఎక్కడ ఆపినదీ గుర్తురాక ఒకే జంటను రెండోసారి అల్లడమే కారణం. అక్కడ తాడు మీద చిన్న బొడిపె తేలింది. దీనికి అనుభవజ్ఞులు చెప్పే విరుగుడు చాలా తేలిక. పని ఆపాలనుకుంటే మొదటి కదలిక పూర్తిచేసి ఆపాలి. అప్పుడు కింద మూడు పోగులు ఉంటాయి. తిరిగి వచ్చినప్పుడు ఆ మూడు పోగుల జాగా చూడగానే రెండో కదలిక చేయాలని అర్థమవుతుంది.

రంగుల ఆట, పూసల కూర్పు

ఎనిమిది పోగులూ ఒకే రంగువైతే తాడు మీద అల్లిక గీతలు మాత్రమే కనిపిస్తాయి. రెండు, మూడు రంగులు తీసుకుంటే అసలు సరదా మొదలవుతుంది. అవే పోగులు, అవే కదలికలు. మొదట ఏ రంగును ఏ గాటులో పెట్టామన్నదే మారుతుంది. ఒక అమరికలో రంగు తాడు చుట్టూ మెలికలు తిరుగుతుంది. మరో అమరికలో చుక్కలుగా, ఇంకో దానిలో చిన్న పూలుగా తేలుతుంది. నేర్చుకునేవారు ప్రతి అమరికనూ నోటుపుస్తకంలో గీసి, పక్కనే అంగుళం తాడు అతికించుకుంటే అది సొంత నమూనాల గ్రంథమవుతుంది.

నగలకు పూసలు వాడాలంటే అల్లకముందే ప్రతి పోగుకు పూసలు గుచ్చుకోవాలి. గుచ్చిన పోగు కొసను చిన్న అట్టముక్కకు చుట్టి పెట్టుకుంటే చిక్కుపడదు. కొద్దిగా ఉత్త అల్లిక అల్లాక, పోగును దాటించే ప్రతిసారీ ఒక పూసను నడుమ రంధ్రం వరకు జార్చి, అడ్డంగా ఉన్న పోగు కిందికి తోయాలి. ఆ పోగే పూసను పట్టి ఉంచుతుంది. పూస కిందికి వెళ్లకపోతే పైకి పొడుచుకుని వస్తుంది. ఒక్క పూస అలా తేలినా మొత్తం వరుస చెడుతుంది కాబట్టి వెంటనే వెనక్కి విప్పడమే మేలు. సుమారు 3 మిల్లీమీటర్ల పూసలు ఈ పనికి అనువైనవి. ఎన్ని కావాలో తెలియాలంటే ఒక అంగుళం అల్లి, పట్టిన పూసలు లెక్కపెట్టి, కావలసిన పొడవుతో హెచ్చవేసుకోవాలి.

చివరి పని ముగింపు. తాడును బిళ్ల నుంచి తీసే ముందే కొసను దారంతో గట్టిగా చుట్టి కట్టాలి. లేకుంటే అల్లినదంతా క్షణంలో విడిపోతుంది. కట్టిన తర్వాత మిగిలిన పోగులు కత్తిరించి, జిగురు రాసి, లోహపు టోపీలో దూర్చి కొక్కెం తగిలించాలి. లోహం వద్దనుకుంటే పోగులను వదిలి కుచ్చులా దువ్వుకోవచ్చు. తెర తాళ్లు, పుస్తకపు గుర్తులు, సంచి పిడులు, కళ్లజోడు తాళ్లకు కుచ్చు ముగింపే అందం.

ఆదాయం మాటేమిటి?

ఇలాంటి పనుల గురించి రాసినప్పుడల్లా పాఠకుల నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఇదే. నిజం చెప్పాలంటే ఉత్త తాడు అమ్మి యంత్రంతో పోటీ పడలేం. పూసల చేతి గొలుసు కొత్తవారికి ఒక పూట పని. దారం, పూసలు, కొక్కెం ఖర్చుతో పాటు ఆ పూట కూలి కూడా లెక్కవేసుకున్నాకే ధర నిర్ణయించుకోవాలి. చీర రంగుకు తగినట్లు, మణికట్టు కొలతకు సరిపోయేట్లు చేసి ఇవ్వగలగడం యంత్రానికి లేని వెసులుబాటు. చేతిపనికి విలువ వచ్చేది అక్కడే.

ఇంకో హెచ్చరిక కూడా అవసరం. సామగ్రి మా దగ్గరే కొనండి, మీరు చేసినవన్నీ మేమే కొంటామని ముందుగా సొమ్ము కట్టించుకునే ప్రకటనలు ఏ చేతిపని చుట్టూనైనా పుట్టుకొస్తుంటాయి. అట్టముక్కతో నేర్చుకోగల పనికి వేలకు వేలు ముందే చెల్లించవలసిన అవసరం లేదు. ముందు నేర్చుకోవాలి. పదిమందికి చూపాలి. అడిగి కొనేవారు ఉన్నారని తేలాకే పెట్టుబడి గురించి ఆలోచించాలి.

అల్లికకు కొత్త దారులు

ఈ విద్య నగలతోనే ఆగిపోలేదు. కార్బన్‌ పీచును యంత్రాలతో అల్లి, దానికి రెజిన్‌ పట్టించి సైకిళ్ల చట్రాలు, విమాన భాగాలు తయారుచేస్తున్నారు. ఏటవాలుగా సాగే పోగులు భారాన్ని పంచుకుంటాయన్న సూత్రమే అక్కడా పనిచేస్తోంది. జపాన్‌లోని కార్ఖానాలు కూడా కిమోనో తాళ్లతో పాటు చేతి పట్టీలు, మెడ గొలుసులు, తాళంచెవుల కుచ్చుల వంటివి చేస్తున్నాయి. ఇగాకు వెళ్లే యాత్రికులు కాసేపు కూర్చుని సొంతంగా ఒక పట్టీ అల్లుకుని వచ్చే ఏర్పాటూ ఉంది.

గ్రంథపు చుట్టకు, కవచానికి, కత్తికి, నడుముకు, నేడు మణికట్టుకు.. ఈ తాడు వాడుక కాలానుగుణంగా మారుతూ వచ్చింది. పోగులు నడిచే తీరు మాత్రం చెక్కుచెదరలేదు. 1876లో ఆ పనివారు కత్తి కోసమే పుట్టిన విద్య అనుకుని చేతులు ముడుచుకుని ఉంటే, మనకు చెప్పుకోవడానికి కథ మిగిలేది కాదు. గిరాకీ తగ్గి సతమతమవుతున్న ఏ చేతివృత్తికైనా ఇందులో ఆలోచించవలసిన సంగతి ఉంది.

ఇక నేర్చుకోదలచినవారికి చివరి మాట. వేగం కోసం ఆరాటపడవద్దు. మొదటి తాడు ఎగుడుదిగుడుగానే వస్తుంది, దానిని పారేయవద్దు. పదో తాడు అల్లాక రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే చేయి ఎంత కుదిరిందో మీకే తెలుస్తుంది.